ఉత్తరానికి కట్టిన మూట

నేపాల్ వెళ్లి వచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మా బడిలో టీచర్లు, మా వాడలో ఆడవాళ్లు ఒకటే అడుగుతున్నారు. హిమాలయాలు ఎలా ఉన్నాయి, చలి ఎంత, అక్కడ ఏం తింటారు అని. చెప్పవలసిందే. కానీ మా విదేశ యాత్రలో ఎక్కువ భాగం మానుకోటలోను, భూపాలపల్లిలోను గడిచింది. హిమాలయాలు ఎక్కడికీ పోవు, డబ్బులుంటే ఎవరైనా వెళ్లి చూడవచ్చు. మా మూట పోయిన దారిన పోయే యోగం మాత్రం అందరికీ పట్టదు. అందుకే ఆ దారి గురించే రాస్తున్నాను.

పట్టాలు లేని దేశం నుంచి టికెట్లు

మా చెల్లెలు స్వప్న మస్కట్‌లో నర్సు. అదే ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే కిరణ్ అనే నేపాలీ అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని ఫోన్లో చెప్పింది. పెళ్లి వాళ్ల ఊళ్లో, బుత్వల్ అనే చోట. ముహూర్తం పెట్టింది పంతులు కాదు, ఆసుపత్రిలో సెలవులు మంజూరు చేసే పెద్దమనిషి. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం అక్కడ గ్రహాలు కలిసినంత అపురూపమట.

మా బాపు ఔననలేదు, కాదనలేదు. ఆయన బాధ పిల్లవాడు నేపాలీ అని కాదు. "మొగపిల్లగానోళ్లు మన గడప తొక్కి పిల్లనడగాలె. ఆడపిల్ల తండ్రి సద్ది గట్టుకొని ఆళ్ల ఊరికి పోవుడేంది?" అని ఒక్కసారి అన్నాడు. అంతే, తర్వాత పెళ్లి మాటే ఎత్తలేదు. టికెట్లు వచ్చాయని తెలిశాక మాత్రం వాడకంతా ఒక కబురు చెప్పాడు: "పశుపతినాథుని దర్శనానికి పోతున్నం." మేం తలలూపాం. మా బజారులో రాత్రిళ్లు ఈల ఊదుతూ తిరిగే గూర్ఖాను రెండు మూడుసార్లు అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ పోయించాడు కూడా. గుడి దారి కనుక్కుంటున్నాడని అనుకున్నాం.

టికెట్లు చేసింది స్వప్నే, మస్కట్ నుంచి. ఆ దేశంలో రైలు లేదు. రైలు కూత వినపడని చోట కూర్చుని అది మాకు కాజీపేట నుంచి నేపాల్ సరిహద్దు దగ్గరున్న గోరఖ్‌పూర్ దాకా మూడు బెర్తులు పట్టింది. బాపుకు, అవ్వకు అంటే మా అమ్మకు, నాకు. మా ఇంటి వెనకే జనగామ స్టేషను, బండి పోతుంటే అటక మీద గిన్నెలు కదులుతాయి. అయినా మాలో ఎవరికీ కౌంటరు దాకా వెళ్లే తీరిక లేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలమది. నేను టీచరును, సమ్మెలో ఉన్నాను. మా ఆయన బస్సు కండక్టరు, ఆయనా సమ్మెలోనే. బాపు పత్తి చేను కౌలుకిచ్చిన రైతు, ఆయనకు సమ్మె చేయడానికి ఉద్యోగం లేదు గనక అందరి టెంట్లలోనూ కూర్చునేవాడు.

నెట్ సెంటర్లో టికెట్ కాగితం తీయించుకుని ఇంటికి తెచ్చాను. బాపు తేదీ చూసి, క్యాలెండరు చూసి, నన్ను చూశాడు.

"బుధవారమా? ఉత్తరానికి బుధవారం ఎవలన్న పోతరా?"

మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి శూల, అంటే ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. అది మా చెల్లికీ తెలుసు. కానీ మస్కట్‌లో వారం బుధవారంతో అయిపోతుంది. గురు, శుక్రవారాలు వాళ్లకు సెలవు. ఇన్నేళ్లకు దాని లెక్కలో బుధవారమంటే ఇల్లు చేరే రోజు. ఆ లెక్కనే మాకూ బండి ఎక్కించింది.

దీనికి మన పెద్దలు ఉపాయం కనిపెట్టే ఉన్నారు. పోవలసిన రోజు మంచిది కాకపోతే, ముందే మంచి రోజు చూసి, ప్రయాణపు మూట ఒకటి కట్టి, పోయే దిక్కున ఉన్న ఎవరింట్లోనో పెట్టి వస్తారు. ఇక ప్రయాణం మొదలైనట్టే. తర్వాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. ఒక్కటే నియమం, ఆ మూట మళ్లీ వెనక్కి తిరిగి మన గడప తొక్కకూడదు. పోతూ పోతూ దాన్ని తీసుకుని ముందుకే పోవాలి. బాపు ఈ నియమాన్ని పంతులు దగ్గర రెండుసార్లు అడిగి రూఢి చేసుకుని, వాడలో అందరికీ వివరించాడు.

సోమవారం పొద్దున వర్జ్యం వెళ్లాక పాత పంచెలో మూట కట్టాడు. కట్టుకునే బట్ట ఒకటి పెట్టమన్నాడు పంతులు. బాపు అంతటితో ఊరుకుంటే ఆయన బాపు కాదు. మా ముగ్గురి ఓటరు కార్డులూ అందులో వేశాడు.

"కార్డులెందుకు బాపూ, ఎల్లుండి రైల్లో చూపియ్యాలె" అన్నాను.

"బట్టలెవలియైన ఒక్కతీరే ఉంటయి. గిండ్ల మన మొఖాలున్నయి. మనమే పోయినట్టు లెక్క."

స్టేషను అవతల, మాకు సరిగ్గా ఉత్తరాన, విస్తర్లు కుట్టే రాజవ్వ ఇల్లుంది. మూట తీసుకెళ్లి ఆమె చేతికిచ్చి వచ్చాడు. బుధవారం పొద్దున కాజీపేటకు పోతూ తీసుకోవాలని ఏర్పాటు.

ఇంట్లో మోగే ఫోను

మంగళవారం పొద్దున ఎందుకో అనుమానం వచ్చి రాజవ్వకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వెళ్లి చూస్తే తలుపుకు తాళం. మళ్లీ ఫోన్ చేశాను, లోపల మోగింది. పక్కింటామె నా అవస్థ చూసి బయటికొచ్చింది.

"రాజవ్వ మానుకోట పోయింది టీచరమ్మా. బిడ్డకు నొప్పులొస్తున్నయని కబురొచ్చింది, నిన్న మాపటికే పోయింది."

"మా మూట లోపలున్నదా?"

"లేదు, సంకల పెట్టుకొని పోయింది. మంది పయనం మూట తాళమేసిన ఇంట్ల పెడితే పయనమే బందయితదట."

ఇంటికొచ్చి చెప్పాను.

"మానుకోట దక్షిణం దిక్కు గదనే" అన్నాడు బాపు. కార్డులు పోయాయని కాదు, మూట దిక్కు తప్పిందని ఆయన దిగులు. కార్డు లేనిదే రైల్లో కూర్చోనివ్వరు, సరిహద్దు దాటనివ్వరు, మొత్తానికి కూతురి పెళ్లికి చేరలేమని నా దిగులు. అవ్వ ఏమీ అనకుండా పెట్టెలు తెచ్చి అరుగు మీద పెట్టింది. మూట దొరికిన చోటు నుంచి నేరుగా వెళ్దామని ఆమె ఉద్దేశం. మంచి ఆలోచన, ఎవరూ మెచ్చుకోలేదు.

తొర్రూరు దారిలో

బస్సులు లేవు. బాలు అనే లంబాడా కుర్రవాడి ఆటో దొరికింది. మామూలు కిరాయికి మూడింతలు చెప్పాడు. ఇదేంటయ్యా అంటే "ఉద్యమానికి చందా అనుకో అక్కా" అన్నాడు. చందా అతని జేబులోకే పోతుందని ఇద్దరికీ తెలుసు. పాలకుర్తి దాటి, తొర్రూరు దాటి, మానుకోట ఇంకాస్త దూరముందనగా చక్రం పంక్చరయింది. అదృష్టం కొద్దీ అక్కడికి దగ్గరే వాళ్ల తండా. అది నిజంగా అదృష్టమేనా, అన్నం వేళకు ఇల్లు చేరడానికి అతని ఏర్పాటా అన్నది నాకు ఇప్పటికీ సందేహమే.

బాలు వాళ్ల అమ్మ మమ్మల్ని మంచం వాల్చి కూర్చోబెట్టి జొన్న రొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. మా ఇంట్లో జొన్నరొట్టె డాక్టరు చెప్పినవాళ్లకు చేస్తాం. అక్కడ ఆకలైన వాళ్లకు చేస్తారు, ఆ తేడా రుచిలోనే తెలిసింది. కోడలు నీళ్లు తెచ్చి పెట్టి, బాలుతో ఇంకేదో భాషలో మాట్లాడింది.

"కోడలు ఏ ఊరి పిల్ల?" బాపు అడిగాడు.

"పూణె దిక్కు. మావోడు ఆడ బిల్డింగుల పనికి పోయినప్పుడు చేసుకొచ్చిండు."

"మరి మీ మాట ఆమెకొస్తదా?"

"అప్పుడు రాకుండె. ఏడాదంతా సైగలే. ఇప్పుడు నన్ను మా మాటల్నే తిడుతది" అని ముసలామె మురిసిపోయింది.

"తల్లిగారోళ్లు వచ్చిపోతరా?"

"యాడ? పెండ్లికే రాలే ఆళ్లు. మొగపిల్లగాని ఊరికి మేమెందుకొస్తమన్నరట. అన్నిటికీ మంచిదే గని పిల్ల, పండుగొస్తే ఒక్కతే ఓ పక్కకు కూసుంటది. నేను పిలిచినా లేవదు."

బాపు చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఉండిపోయింది. తర్వాత తొక్కు బాగా కారంగా ఉందని నీళ్లడిగాడు. మా ఇంట్లో అంతకు రెండింతల కారం తినే మనిషి.

మానుకోట

రాజవ్వ కూతురికి మగపిల్లవాడు పుట్టాడు. ఇల్లంతా చుట్టాలు. రాజవ్వ మమ్మల్ని చూసి లేచొచ్చింది.

"పాపం, మూట కోసం గింత దూరమొచ్చిన్రా? పరేషాన్ కాకున్రి, మంచి జాగల్నే ఉన్నది."

"ఇయ్యి మరి" అన్నాడు బాపు చేయి చాపి.

"ఈడ లేదు. ఉత్తరానికి పోయే మూట దక్షిణంల నిలవుంటే అరిష్టమని మా వియ్యపురాలన్నది. నాకు గుండె దడపుట్టింది. మా అల్లుని తమ్ముడు సారయ్య భూపాలపల్లిల బొగ్గు బాయిల పనిచేస్తడు. పొద్దుగాల పిల్లగాన్ని చూసి పోతుంటే ఆయనకిచ్చి పంపిన. భూపాలపల్లి ఉత్తరమే గద."

బాపు చాపిన చేయి అలాగే వెనక్కి తీసుకున్నాడు. తాను పెట్టిన ఆచారాన్ని ఊరూరా మనుషులు తనకన్నా నిష్ఠగా పాటిస్తున్నారు. కోప్పడడానికి ఎవరూ తప్పు చేయలేదు.

"పెండ్లి మూట గద, ఎట్లపడితే అట్ల పెడ్తమా?" అన్నది బాలింత లోపల్నుంచి.

పెళ్లి మూటేమిటని నేను రాజవ్వను చూశాను. రాజవ్వ అమాయకంగా చెప్పింది: "మీ బాపే అన్నడు బిడ్డా, నా చిన్నబిడ్డ పెండ్లి మూట, జర పైలం రాజవ్వా అని."

వాడకంతా పశుపతినాథుడు, రాజవ్వకు మాత్రం పెళ్లి. నేను బాపు వైపు తిరిగేసరికి ఆయన పసివాడి ఊయల దగ్గర ఉన్నాడు. ముక్కు ఎవరి పోలికో ఆరా తీస్తున్నాడు.

మా బండి, మా బెర్తులు

ఆ రాత్రి రాజవ్వ వాళ్ల దగ్గరే ఉండిపోయాం. బుధవారం పొద్దున సారయ్యకు ఫోన్ కలిసింది. మూట భద్రంగా ఉందన్నాడు. భూపాలపల్లికి పోదామంటే రోడ్డు మీద రాస్తారోకో, రేపటిదాకా కదలడం కష్టమన్నారు. మధ్యాహ్నం దాటాక స్టేషను వైపు వెళ్లి చూద్దామని నడిచాం. అక్కడ ఒక రైలు ఆగి ఉంది. పట్టాల మీద జనం, డప్పులు, జెండాలు. రాళ్లపొయ్యిలు పెట్టి వంటా వార్పు. ఊరోళ్లు పట్టాల మధ్య పెద్ద గంజుల్లో అన్నం, పప్పుచారు వండి ఆపిన రైల్లో వాళ్లకే వడ్డిస్తున్నారు. ఇట్లా ఆపి పెట్టి కడుపు నింపే సంప్రదాయం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

రైలు డబ్బా మీద బోర్డు చదివాను. గోరఖ్‌పూర్. మా బండే. విజయవాడ మీదుగా వచ్చి, సాయంత్రానికి కాజీపేటలో మమ్మల్ని ఎక్కించుకోవలసిన బండి మా కోసమే ముందుకొచ్చినట్టు మానుకోటలో నిలబడి ఉంది. బెర్తులున్నాయి, టికెట్లున్నాయి, మనుషులున్నారు. కార్డులు భూపాలపల్లిలో ఉన్నాయి.

బాపు బండిని చూశాడు, పొయ్యిని చూశాడు. అక్కడెవరో గరిట తిప్పలేక ఆయాసపడుతుంటే వెళ్లి గరిట అందుకున్నాడు. అవ్వ మాత్రం నా చేయి పట్టుకుని డబ్బా ఎక్కింది. టికెట్ కాగితం చూసి మా నంబర్లు వెతికాం. కింది బెర్తు, కిటికీ పక్కన. ఖాళీగా ఉంది. అవ్వ చీర సర్దుకుని కూర్చుంది. సీటును అరచేత్తో ఒకసారి నిమిరింది.

"చిన్నది నాకు కిటికీ పక్కన చేసింది చూడు" అన్నది.

అంతకుముందు మూడు రోజులుగా అవ్వ మాట్లాడిన పొడుగాటి మాట అదే. నాకు ఏడుపొచ్చింది. అప్పుడే ఫోన్ మోగింది, స్వప్న.

"అక్కా, బయలెల్లిన్రా? బండెక్కుతున్రా?"

"అవ్వ ఎక్కింది."

"మరి బాపు?"

కిటికీలోంచి చూశాను. "బాపు పట్టాల మీదున్నడు. బండిని ఆపుతున్నడు."

మూట సంగతంతా చెప్పాను. అది నవ్వింది, నవ్వు మధ్యలోనే ఆపేసింది. "బాపుకు రావాలని లేదా అక్కా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

కాసేపటికి బాపు విస్తరాకులో మాకూ అన్నం తెచ్చిచ్చాడు. మా సొంత బెర్తు మీద కూర్చుని, మా బండిని ఆపినవాళ్ల అన్నం తిన్నాం. పప్పుచారు బాగుంది. పొద్దువాలాక రైలును వదిలారు. మేం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాం, మా మూడు బెర్తులు మా కళ్లముందే ఉత్తరానికి వెళ్లిపోయాయి.

రేగొండలో చాయ్

గురువారం ఒక వ్యానులో వరంగల్ మీదుగా, పరకాల దాటి రేగొండలో ఆగాం. చాయ్ దుకాణంలో మిరపకాయ బజ్జీలు వేస్తున్న ఆమె మా పెట్టెల్ని చూసి అడిగింది:

"ఏడికి పోతున్రక్కా?"

"నేపాల్."

ఆమె జాలీ గరిట నూనె మీదే ఆపింది. "భూపాలపల్లి మీదికెల్లి నేపాల్‌కు తొవ్వున్నదా?"

"మాకు గీ తొవ్వే దొరికింది" అన్నాను.

"పోనీ, పోయినంక చెప్పున్రి. మా ఆయన గూడ పోదాం పోదామంటడు" అని ఇంకో వాయి వేసింది. చాయ్ ధర జనగామ కన్నా ఒక రూపాయి తక్కువ, గ్లాసు ఇంకాస్త చిన్నది. లెక్క సరిపోయింది.

భూపాలపల్లి టెంటు

భూపాలపల్లికి రైలు స్టేషను లేదు. బొగ్గు ఉంది, దుమ్ము ఉంది, ఆ రోజుల్లో ఎక్కడ చూసినా టెంట్లు ఉన్నాయి. గని కార్మికులంతా సమ్మెలో ఉన్నారు. సారయ్య పేరు చెప్పగానే ఒకాయన "నేపాల్ పెండ్లోళ్లు వచ్చిన్రు" అని లోపలికి కేకేశాడు. అప్పటికి బాపు ముఖం మాడ్చుకోవడం కూడా మానేశాడు.

మా మూట టెంటు ఉత్తరపు గుంజకు, చేతికందని ఎత్తులో వేలాడుతోంది. కింద ఎవరో రెండు బంతిపూలు కూడా పెట్టారు. సారయ్య స్టూలేసుకుని ఎక్కి దించాడు.

"నేలమీద పెట్టలే బాపూ. ముఖం ఉత్తరం దిక్కే ఉంచిన" అన్నాడు. మూటకు ముఖం ఎటుంటుందో ఆయనకెలా తెలిసిందో అడగలేదు.

బాపు ముడి విప్పి మూడు కార్డులు తీసి నాకిచ్చాడు. అడుగున చిన్న ఎర్రగుడ్డ ముడి ఒకటుంది. నేను చేయి పెట్టబోతే "అది ముట్టకు" అని అంగీ లోపలి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత బెంచీ మీద కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"బండి పోనే పోయింది. ఆడపిల్ల తండ్రి గిట్ల ఊరూరు తిరుక్కుంట పోవుడు దేవునికే ఇష్టం లేదు. ఇంటికి పోదాం. మూట మళ్ల కడుత."

పెళ్లికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. అవ్వ పెట్టె మీదనుంచి లేచి, ఆ పాత పంచెను బాపు చేతిలోంచి తీసుకుని, తానే మూట కట్టి చంకలో పెట్టుకుంది.

"కట్టిన మూట ఇంటి గడప తొక్కొద్దని ఎవలు చెప్పిన్రు? నువ్వే గద వాడకంత చెప్పినవు. నీకు పోవాలని ఉంటే ఇంటికి పో. మూట మాత్రం ఉత్తరానికే పోతది. నేను తీసుకపోత. తండాల ఆ పిల్ల కూసున్నట్టు నా బిడ్డ ఒక్కతే కూసోవద్దు."

అంతమంది కార్మికుల మధ్య, అంతదాకా రోజుకొకరు ఉపన్యాసం దంచిన ఆ టెంటులో, అంత పొట్టి ఉపన్యాసం ఎవరూ విని ఉండరు. బాపు పంచాయితీ పెద్దల వైపు చూసినట్టు కార్మికుల వైపు చూశాడు. సారయ్య నెమ్మదిగా అన్నాడు: "మాట నిజమే బాపూ. మూట మళ్లొద్దు. అందుకే గద మేం గింతగనం కాపాడినం."

ఇక దారి సంగతి వాళ్లే చూశారు. రైలు రోకోలు మన దిక్కే, మహారాష్ట్రలో బల్లార్షా నుంచి బండ్లు నడుస్తున్నాయట. కాళేశ్వరం దగ్గర గోదావరి పడవలో దాటితే సిరోంచ, అక్కణ్నుంచి బస్సులు. స్వప్నకు ఫోన్ చేశాను. చాయ్ తాగేలోపు పట్టాలు లేని దేశం నుంచి అది మళ్లీ మూడు బెర్తులు పట్టేసింది, శనివారానికి. బాపు వేళ్ల మీద లెక్కపెట్టాడు. శనివారం తూర్పుకు శూల, ఉత్తరానికి లేదు. సాకు దొరక్క ఊరుకున్నాడు. మేం బయల్దేరుతుంటే కార్మికులు డప్పు కొట్టారు. ఉద్యమం డప్పే, దెబ్బ మాత్రం పెళ్లి దెబ్బ.

గోదావరి

శుక్రవారం కాళేశ్వరం రేవులో పడవెక్కాం. నీళ్లు నిండుగా, మట్టిరంగులో ఉన్నాయి. అవ్వ మూటను ఒడిలో పెట్టుకుని మధ్యలో కూర్చుంది. బాపు ఆమెకు ఎదురుగా కూర్చుని, నడిమి గోదారిలో "ఇటియ్యి, నీకు బరువయితది" అని చేయి చాపాడు. మూటంటే ఒక పాత పంచె, లోపల ఒక చీర, అంతే. అవ్వ ఆయన ముఖం చూసి ఇచ్చేసింది. అవతలి ఒడ్డున బోర్డులు మరాఠీలో ఉన్నాయి. విదేశం వచ్చేసిందా అన్నట్టు అవ్వ నన్ను చూసింది.

బుత్వల్

ఇప్పుడు నేపాల్. సరిహద్దులో మా కార్డులు చూసి పొమ్మన్నారు, అంతే. ఆ ముఖాల కోసం మేం పడిన పాట్లు అక్కడెవరికీ తెలియదు. కొండలు ఎత్తుగా ఉన్నాయి. చలి జనగామలో పుష్యమాసంలో ఉన్నంత. తిండి అన్నం, పప్పు, ఆకుకూర. అంత దూరం పోయి ఇంట్లో తినేదే తిన్నాం. కిరణ్ వాళ్ల నాన్న గడప దగ్గరే ఎదురొచ్చి బాపు రెండు చేతులూ పట్టుకున్నాడు. తామే జనగామ వచ్చి పిల్లనడగాలనుకున్నామని, రైళ్లు లేవని తెలిసి ఆగిపోయామని హిందీలో చెప్పాడు. బాపుకు బజారు ఉర్దూ వచ్చు. "రైళ్లా? ఓ, అవి హమ్హీచ్ రోకే" అన్నాడు, మేమే ఆపామని కాస్త గర్వంగానే.

పెళ్లి ఊరి గుళ్లో జరిగింది. వాళ్లకు తాళి లేదు. పెళ్లికొడుకు పాపిట సిందూరం పెట్టి, మెడలో పూసల దండ వేస్తాడు. సిందూరం అయిపోయింది, దండ పడింది. అందరూ లేవబోతుంటే బాపు ఒక్క నిమిషం ఆగమని చేయెత్తి, జేబులోంచి ఎర్రగుడ్డ ముడి తీశాడు. విప్పితే పసుపుతాడు, దానికి పుస్తెలు.

మా దిక్కు పుస్తెలు రెండు. ఒకటి పుట్టింటివాళ్లు చేయిస్తారు, ఒకటి అత్తింటివాళ్లు తెస్తారు. బాపు అరచేతిలో రెండూ ఉన్నాయి.

"అత్తగారి పుస్తె మనమెందుకు చేయించినం?" అవ్వ నెమ్మదిగా అడిగింది.

"ఆళ్లకీ ఆచారం లేదని మన గూర్ఖా ముందే చెప్పిండు. లేకుంటే మాత్రం, పిల్ల మెడల ఒక్కటే ఏలాడాల్నా?"

అరుగు మీద అన్ని చాయ్‌లు తాగించింది గుడి దారి కోసం కాదు. స్వప్న వంచిన తల ఎత్తలేదు, దాని భుజాలు కదులుతున్నాయి. కిరణ్ ఏం చేయాలో తెలియక నిలబడితే, బాపు తాడు అతని చేతికిచ్చి, మూడు ముళ్లు ఎలా వేయాలో తన తువ్వాలు కొనకు వేసి చూపించాడు.

తిరుగు టికెట్లు కూడా స్వప్నే చేసి ఉంచింది. చలిమంట దగ్గర కాగితం బాపు చేతికిచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. గురువారం. గురువారం దక్షిణానికి శూల.

"మంచిది బిడ్డా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.